‘ఇవాళ ఎగరను’ అనే ధైర్యం

దొంగను వెంటాడే పోలీసు హెలికాప్టర్‌ని టీవీలో కళ్లప్పగించి చూస్తాం. దాన్ని నడిపే మనిషి మాత్రం మన కంటికి కనిపించడు. ఒంటిమీది యూనిఫాం ‘పద’ అంటుంది, చేతిలోని యంత్రం ‘ఆగు’ అంటుంది. ఏ పూట ఏ మాట వినాలో తేల్చుకోవాల్సిన ఉద్యోగం అతనిది.

న్యూమెక్సికో స్టేట్ పోలీసుల హెలికాప్టర్ పైలట్‌కి 2009 జూన్ 9 సాయంత్రం కబురొచ్చింది. అప్పటికే ఆయన ఆ రోజు డ్యూటీ పూర్తిచేశాడు. శాంటా ఫే దగ్గరి కొండల్లో ఓ విద్యార్థిని తోడు వచ్చినవారి నుంచి విడిపోయి దారి తప్పింది, సెల్‌ఫోన్లో సాయం అడుగుతోంది. కొండల మీద గాలి బలంగా ఉందని పైలట్ మొదట రానన్నాడు. కాసేపటికి తనే మళ్లీ ఫోన్ చేసి వెళతానన్నాడు. పక్క సీట్లో చూపు సాయానికి ఓ హైవే గస్తీ పోలీసును ఎక్కించుకున్నాడు.

వెతికిన తీరు చూడండి. ఆమె ఫోన్లో కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుతోంది. హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తోందా, దగ్గరవుతోందా, దూరమవుతోందా అని అక్కడివాళ్లు అడుగుతారు. ఆమె చెప్పింది వైర్‌లెస్‌లో పైలట్‌కి చేరవేస్తారు. అలా చప్పుడు ఆనవాలుగా ఆమెను కనిపెట్టారు. పదకొండు వేల అడుగులకు పైన, ఓ గట్టు మీద హెలికాప్టర్ దించారు. ఆమె అక్కడిదాకా ఎక్కి రాలేనంది. పైలట్ దిగి, చీకట్లో వాలు వెంట నడిచి వెళ్లి ఆమెను మోసుకొచ్చాడు. అతను తిరిగొచ్చేసరికి మబ్బు కిందికి దిగింది, మంచు కలిసిన జల్లు పడుతోంది. ఆకాశంలో చంద్రుడు లేడు. రాత్రి 9.30 దాటాక పైకి లేచారు. కొండను తాకామన్నది పైలట్ వైర్‌లెస్‌లో చెప్పిన చివరి మాటల్లో ఒకటి. పైలట్, విద్యార్థిని చనిపోయారు. తీవ్రంగా గాయపడిన రెండో పోలీసు రాత్రంతా ఆ చలిలో గడిపి, మర్నాడు కొండ దిగుతూ గాలింపు బృందాల కంటపడ్డాడు.

ఎంత వీరుడు అనిపిస్తుంది. నిజంగానే వీరుడు. అయితే అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2011లో ఇచ్చిన నివేదిక చదివితే, ఆ వీరత్వం మీద బతికేసిన ఓ శాఖ కనిపిస్తుంది. ఆ చీకట్లో, ఆ గాలిలో, మబ్బు కమ్మిన కొండ మీంచి పైకి లేవాలని పైలట్ తీసుకున్న నిర్ణయమే ప్రమాదానికి కారణమని బోర్డు తేల్చింది. అక్కడితో ఫైలు మూసెయ్యలేదు. విమాన భద్రత కన్నా అప్పజెప్పిన పని పూర్తికావడమే మిన్న అనే ధోరణి ఆ శాఖలో పాతుకుపోయిందని రాసింది. పైలట్లు సరిపడా లేరు. అలసిన పైలట్‌ని ఆపే ఏర్పాటు లేదు. బయల్దేరేముందైనా, మధ్యలోనైనా ప్రమాదం ఎంతో ఓసారి లెక్కేసుకోవాలన్న నిబంధనే లేదు. ఆ పైలట్ హెలికాప్టర్ నడపడమే కాక, పత్రికలవాళ్లకు శాఖ తరఫున సమాచారం ఇచ్చే బాధ్యత కూడా మోస్తున్నాడు.

పోలీసు పైలట్ ఉద్యోగం గురించి సినిమాలు చెప్పని సంగతంతా ఈ ఒక్క రాత్రిలో ఉంది. కింద జరుగుతున్నదాన్ని పట్టించుకోవడం కోసమే అతను పైకి వెళతాడు. పట్టించుకున్నకొద్దీ ప్రమాదానికి దగ్గరవుతాడు. హెలికాప్టర్‌ని కేసు నుంచి విడిగా ఉంచుకోగలగడమే ఈ పనిలో అసలు నేర్పు. ఆ నేర్పును కాపాడాల్సింది పైలట్ ఒక్కడే కాదు, పైన కూర్చున్న అధికారులు కూడా.

కారు పైకప్పు మీద అంకెలు

పోలీసులు ఆకాశమెక్కి నూరేళ్లు దాటింది. 1921లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందాలప్పుడు ట్రాఫిక్‌ని పైనుంచి కనిపెట్టడానికి ఆర్-33 అనే ఎయిర్‌షిప్‌ను వాడారు. న్యూయార్క్ పోలీసులు 1929లో విమాన విభాగం పెట్టుకున్నారు, 1948లో బెల్-47 హెలికాప్టర్ తెచ్చుకున్నారు. కానీ ఈ ఉద్యోగానికి ఇప్పుడున్న రూపం వచ్చింది లాస్ ఏంజెలస్‌లో. అక్కడి పోలీసు శాఖ 1956లో ఒక్క హెలికాప్టర్‌తో ఫ్రీవేల మీద ట్రాఫిక్ చూడ్డం మొదలుపెట్టింది. పదేళ్లకు, 1966లో, అదే కౌంటీలోని లేక్‌వుడ్‌లో షెరిఫ్ విభాగం ‘స్కై నైట్’ పేరుతో హెలికాప్టర్‌ని గస్తీ జీపులాగే రోజూ తిప్పి చూసింది. నేరం జరిగాక పిలిస్తే వెళ్లడం కాకుండా, ముందే గాల్లో ఉండి ఫోన్ రాగానే నిమిషాల్లో చేరడం అన్న ఆలోచన ఆ తర్వాత లాస్ ఏంజెలస్ అంతటా పాకింది.

ఊరి నడిబొడ్డుకు దగ్గర్లో పైపర్ టెక్నికల్ సెంటర్ అనే ప్రభుత్వ భవనం ఉంది. దాని పైకప్పే లాస్ ఏంజెలస్ పోలీసుల హెలిపోర్ట్. అక్కడి నుంచి లేచే ఏస్టార్ హెలికాప్టర్లో ఇద్దరుంటారు. కుడి సీట్లో పైలట్, ఎడమ సీట్లో కెమెరా, మ్యాపు, వైర్‌లెస్ చూసుకునే అధికారి. ఇద్దరూ ముందు నేలమీద పోలీసులుగా ఏళ్లపాటు పనిచేసి వచ్చినవాళ్లే. కింద తిరిగే పోలీసు కార్ల పైకప్పుల మీద పెద్ద పెద్ద అంకెలు రాసి ఉంటాయి. రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు అవి కనబడవు, వాళ్ల కోసం రాసినవీ కావు. పైనుంచి చూసే అధికారి ‘ఫలానా నంబరు బండీ, నీ ఎడమ పక్క సందులోకి దూరాడు’ అని చెప్పడానికి రాసినవి.

ఆ రెండు సీట్ల మధ్య పని పంపకం ఈ ఉద్యోగానికి ఆయువుపట్టు. అధికారికి కింద ఏం జరుగుతోందన్నదే లోకం. పైలట్‌కి అది తెలిసీ తెలియనట్టుండాలి. చెవుల్లో ఒకేసారి నాలుగైదు గొంతులు: ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, కింది గస్తీ బండ్లు, కంట్రోల్ రూమ్, పక్క సీటు. కరెంటు తీగలు ఎక్కడున్నాయి, గాలి ఎటు నుంచి వీస్తోంది, టీవీ చానళ్ల హెలికాప్టర్లు ఏ ఎత్తులో తిరుగుతున్నాయి, ట్యాంకులో ఇంధనం ఎంతసేపటికి వస్తుంది అన్నవన్నీ మనసులో లెక్క నడుస్తూనే ఉండాలి. పోలీసుగా పెరిగిన మనిషి, కళ్లెదుట ఓ తుపాకీ మనిషి గోడ దూకుతుంటే అటు చూడకుండా స్పీడు ముల్లు వంక చూడాలి. అనుకున్నంత తేలిక కాదు.

ఇంతకూ పోలీసు హెలికాప్టర్ ఒకేచోట నిలబడకుండా గిరికీలెందుకు కొడుతుంది? గాల్లో కదలకుండా నిలబడ్డానికే ఇంజన్ శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. పైగా ఇంజన్ ఆగిపోతే పైలట్ చేతిలో మిగిలేవి ఎత్తు, వేగం. ఆ రెండింటినీ వాడుకుని, కిందినుంచి వచ్చే గాలితో రెక్కల్ని తిరగనిస్తూ నేల దాకా జారవచ్చు. తక్కువ ఎత్తులో, వేగం లేకుండా నిలబడి ఉంటే ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది. ఇంకో గండం కూడా ఉంది. వేగం బాగా తగ్గి, నిటారుగా కిందికి దిగుతున్నప్పుడు రెక్కలు తామే తోసిన గాలి సుడిలో చిక్కుకుంటాయి. పైకి లేవాలని శక్తి పెంచినకొద్దీ హెలికాప్టర్ ఇంకా వేగంగా జారిపోతుంది. 2017 ఆగస్టు 12న వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్‌లో అల్లర్లను పైనుంచి చూడ్డానికి వెళ్లిన స్టేట్ పోలీసుల బెల్-407 ఇలాంటి సుడిలోనే పడిందని దర్యాప్తులో తేలింది. అందులోని ఇద్దరు పోలీసులూ చనిపోయారు. కింద జరుగుతున్నదాన్ని మరికాస్త బాగా చూడాలన్న తాపత్రయమే చాలాసార్లు పోలీసు హెలికాప్టర్‌ని ఆ నెమ్మది వేగానికి లాక్కొస్తుంది.

రాత్రిళ్లు మరో బెడద లేజర్ పాయింటర్లు. కింద ఎవరో ఆకతాయి వేసిన సన్నటి పచ్చ గీత పైకి చేరేసరికి వెడల్పై, అద్దం మీద పడి కాక్‌పిట్ అంతటా వెలుగై పరుచుకుంటుంది. పైలట్‌కి కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. 2023లో అమెరికా విమానయాన శాఖకు ఇలాంటి ఫిర్యాదులు 13,304 వచ్చాయి. 2012 నుంచి అక్కడ అది ఐదేళ్ల దాకా జైలు పడగల నేరం.

వేడిని చూసే కన్ను

హెలికాప్టర్ మూతికింద గుండ్రంగా వేలాడే కెమెరా వెలుతురును కాక వేడిని చూస్తుంది. చల్లబడ్డ గడ్డిలో పడుకున్న మనిషి తెల్లటి మచ్చలా కనిపిస్తాడు. ఇప్పుడే ఆపిన కారు బానెట్, పరుగెత్తి వచ్చిన టైర్లు మిగతా బండ్ల నుంచి వేరుగా తెలిసిపోతాయి. గోడ అవతల ఏముందో మాత్రం చూపించదు, సినిమాల్లో చూపించినా సరే. మామూలు కిటికీ అద్దం కూడా దానికి గోడతో సమానమే.

2013 ఏప్రిల్ 19 రాత్రి మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్‌లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల నిందితుడు ఓ ఇంటి పెరట్లో నిలిపిన పడవలో దాక్కున్నాడు. పడవ మీద ప్లాస్టిక్ కప్పు ఉంది. అది చెదిరి ఉండడం చూసి ఇంటి యజమాని పోలీసులకు ఫోన్ చేశాడు. స్టేట్ పోలీసుల హెలికాప్టర్ పైన తిరుగుతూ ఆ కప్పు కింద పడుకున్న మనిషి ఆకారాన్ని వేడి కెమెరాలో పట్టుకుంది. అతను కదిలితే కదిలాడని, లేవబోతే లేస్తున్నాడని కింద మాటువేసిన వాళ్లకు క్షణక్షణం చెప్పింది. పలచటి కప్పు కాబట్టి వేడి బయటికి తెలిసింది. ఆ మాట సాయం లేకుండా ఆ పడవ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిన పోలీసు పరిస్థితి ఊహించుకుంటే, ఈ విభాగాలు ఎందుకుండాలో వేరే చెప్పక్కర్లేదు.

అంత శక్తి ఉన్నచోట హద్దులూ ఉండాలి. 400 అడుగుల ఎత్తు నుంచి ఓ ఇంటి వెనకున్న గ్రీన్‌హౌస్ కప్పు సందుల్లోంచి గంజాయి మొక్కల్ని చూడ్డానికి వారంటు అక్కర్లేదని 1989లో ‘ఫ్లోరిడా వర్సెస్ రైలీ’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2001లో ‘కైలో’ కేసులో, ఇంటి గోడల వేడిని యంత్రంతో కొలవాలంటే మాత్రం వారంటు కావాల్సిందేనంది. కోర్టులు గీసే గీతలు పట్టుకుని ఊరుకుంటే చాలదని ఇంగ్లండ్‌లోని సౌత్ యార్క్‌షైర్‌లో తెలిసొచ్చింది. అక్కడ ఓ పోలీసు అధికారి హెలికాప్టర్ కెమెరాతో పెరళ్లలో ఎండ కాచుకుంటున్న జనాన్ని దొంగచాటుగా చిత్రీకరించాడు. 2017లో జైలుకెళ్లాడు. పైనుంచి చూసే చూపును కింద ఎవరూ అడ్డుకోలేరు. అడ్డుకోలేనివాళ్ల పట్ల బాధ్యత ఇంకా ఎక్కువ ఉండాలి.

డబ్బు సంగతి కూడా జనం అడుగుతున్నారు. లాస్ ఏంజెలస్ నగర కంట్రోలర్ 2023 డిసెంబరులో విడుదల చేసిన ఆడిట్ ప్రకారం 17 హెలికాప్టర్ల ఆ విభాగానికి ఏటా సుమారు 4.66 కోట్ల డాలర్లు ఖర్చవుతోంది, గాల్లో ఉన్న ప్రతి గంటకూ 2,916 డాలర్లు. ఎగిరిన సమయంలో 61 శాతం తీవ్రత తక్కువ పనులకే పోతోందని ఆడిట్ తేల్చింది. అర్ధరాత్రి నెత్తిమీద తిరిగే చప్పుడుకు పసిపిల్లలు నిద్రలేచే పేటలవాళ్లకు ఈ లెక్క అడిగే హక్కుంది. నా మటుకు ఇది పైలట్ల భద్రతకు సంబంధించిన లెక్క కూడా. అవసరం లేని ప్రతి గంటా వాళ్లను అవసరమైన గంటకు అలసిపోయేలా చేస్తుంది.

ఐదుసార్లు మోగిన హెచ్చరిక

1987 మార్చి 10న కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఓ కారు దొంగ పోలీసులను దాదాపు 48 మైళ్లు పరుగెత్తించాడు. కోస్టా మెసా, న్యూపోర్ట్ బీచ్ ఊళ్ల హెలికాప్టర్లు రెండూ పైన ఉన్నాయి. రెండింటి కళ్లూ ఒకే కారు మీద. ఆ వెంటాడటంలోనే అవి ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. కోస్టా మెసా హెలికాప్టర్‌లోని ముగ్గురూ చనిపోయారు. కింద కారులో ఉన్న దొంగ మీద మూడు హత్యల కేసు పెట్టారు, కింది కోర్టు శిక్ష వేసింది. 1991లో అప్పీలు కోర్టు ఆ హత్య శిక్షల్ని కొట్టేసింది. పారిపోవడం వల్లే ఆ ప్రమాదం జరిగిందనడం సబబే గానీ, తల మీద రెండు హెలికాప్టర్లు గుద్దుకుంటాయని తెలిసీ లెక్కచెయ్యలేదనడానికి ఆధారం లేదని చెప్పింది. న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఇది ఇప్పటికీ పాఠం. పైలట్లకు ఇంకా పెద్ద పాఠం: గాల్లో ఉన్న రెండో హెలికాప్టర్‌ని చూడాల్సిన కళ్లు ఆ క్షణంలో కింది కారు మీద ఉన్నాయి.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 2013 నవంబరు 29 రాత్రి జరిగింది ఇంకో రకం. బ్రిటన్ పద్ధతిలో పైలట్ పోలీసు కాడు. పోలీసు అధికారులు ఇద్దరు కెమెరా, వైర్‌లెస్ చూసుకుంటారు, పైలట్ బయటి ఉద్యోగి. కేసు గొడవ అతనికి అంటకూడదన్నది ఈ ఏర్పాటులో ఉన్న మంచి. ఆ రాత్రి పైలట్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చినూక్ నడిపిన అనుభవజ్ఞుడు. గస్తీ ముగించి తిరిగొస్తున్న ఈసీ-135 హెలికాప్టర్, రాత్రి 10.22కి, జనంతో నిండిన ‘క్లూథా’ అనే పబ్ పైకప్పు మీద కూలింది. హెలికాప్టర్‌లోని ముగ్గురు, పబ్‌లోని ఏడుగురు మొత్తం పదిమంది చనిపోయారు.

శకలాల్లో ప్రధాన ట్యాంకు తెరిచి చూస్తే 76 కిలోల ఇంధనం ఉంది. ఇంజన్లకు నేరుగా అందించే చిన్న ట్యాంకులు మాత్రం ఖాళీ. ప్రధాన ట్యాంకు నుంచి చిన్న ట్యాంకుల్లోకి ఇంధనం తోసే పంపులు రెండుంటాయి. హెలికాప్టర్ ముక్కు ఎటు వాలితే అటు ఇంధనం చేరుతుంది కాబట్టి ఏదో ఓ పంపు ఆ సమయానికి పొడిగా తిరుగుతుంది, పైలట్ దాన్ని ఆపుతాడు, తర్వాత గుర్తుపెట్టుకుని మళ్లీ వేస్తాడు. ఆ రాత్రి ఆ రెండు స్విచ్‌లూ ఆఫ్‌లో ఉన్నాయి. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే కావలసిన వేరే రెండు పంపుల స్విచ్‌లు ఆన్‌లో ఉన్నాయి. ఇంధనం తక్కువైందన్న హెచ్చరిక ఐదుసార్లు మోగింది, ఐదుసార్లూ చూసుకున్నట్టు నమోదైంది. చెక్‌లిస్ట్ ప్రకారం పది నిమిషాల్లో దిగిపోవాలి. దిగలేదు. ఒక ఇంజన్ ఆగిన 32 సెకన్లకు రెండోది ఆగింది.

ఎందుకు దిగలేదన్నదానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఆ హెలికాప్టర్‌లో మాటలు రికార్డు చేసే పరికరం పెట్టాలన్న నిబంధన అప్పట్లో లేదు. 2015లో దర్యాప్తు నివేదిక, 2019లో న్యాయ విచారణ తీర్పు వచ్చాయి. పైలట్ చెక్‌లిస్ట్ పాటించలేదని విచారణ తేల్చింది. పెద్ద ట్యాంకులో ఇంధనం ఉందన్న సంగతి తెలిసి ఆ హెచ్చరికలు నిజం కావనుకున్నాడా, పని దాదాపు అయిపోయిందిలే అనుకున్నాడా? చనిపోయినవాళ్ల కుటుంబాలు ఏళ్లతరబడి అడిగిన ప్రశ్న ఇదే. పోలీసు హెలికాప్టర్లన్నిట్లో రికార్డరు ఉండాలని దర్యాప్తు సంస్థ గట్టిగా చెప్పింది పదిమంది పోయాక. పైలట్ పోలీసు కాకపోయినా సరే, పోలీసు పని తన పనే అనుకునే మనిషి కాకుండా పోడని గ్లాస్గో నాకు చెబుతుంది.

అదే 2013లో, మార్చి 30న అలాస్కా స్టేట్ ట్రూపర్ల హెలికాప్టర్, మంచులో చిక్కుకున్న ఓ స్నోమొబైల్ మనిషిని ఎక్కించుకుని టల్కీట్నా దగ్గర చీకట్లో, మంచు జల్లులో కూలింది. ముగ్గురూ చనిపోయారు. దాని మీద ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన నివేదికలో ఓ మాట ఉంది. మనుషుల్ని కాపాడాలన్న పట్టుదల ఆ పైలట్‌లో మామూలు కన్నా చాలా ఎక్కువని, అది ప్రమాదాన్ని ఓర్చుకునే గుణాన్ని పెంచిందని దర్యాప్తు సంస్థ రాసింది. తప్పు జరిగితే మనిషిని శిక్షించడం తప్ప లోపం ఎక్కడుందో వెతకని శాఖ తీరును కూడా అదే వాక్యాల్లో ఎత్తిచూపింది. ఏ గుణం చూసి మనం పైలట్‌కి పతకం ఇస్తామో, అదే గుణం అతని ప్రాణం మీదికి తెస్తుందని ఓ ప్రభుత్వ నివేదిక ఇంత సూటిగా చెప్పడం అరుదు.

కొండలూ మబ్బులూ కలిసినచోట హెలికాప్టర్‌కి ఏమవుతుందో తెలుగువాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్-430 నల్లమలలో మాయమైనప్పుడు, మర్నాడు శకలాలు కనిపించేదాకా రాష్ట్రమంతా టీవీలకు అతుక్కుపోయింది. అది పోలీసు పని మీద వెళ్లింది కాదు. అయినా వాతావరణం దగ్గర అందరికీ ఒకటే న్యాయం.

మన అడవుల మీద

మనదేశంలో పోలీసు హెలికాప్టరంటే దొంగ కారును వెంటాడేది కాదు. కేంద్ర హోంశాఖ వైమానిక విభాగాన్ని 1969 నుంచి బీఎస్‌ఎఫ్ నడుపుతోంది. ఎంఐ-17లు, ధ్రువ్‌లు, చీతాలు అందులో ఉన్నాయి. రోడ్డులేని సరిహద్దు ఠాణాలకు సరుకులు, సెలవు మీద వెళ్లే జవాన్లు, వరదల్లో మందులు, వీటన్నిటికన్నా ముఖ్యంగా మందుపాతర పేలి కాలు పోయిన మనిషిని ఆస్పత్రికి చేర్చడం దాని పని.

2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో మావోయిస్టుల మీద బలగాలు సాగించిన ఆపరేషన్ వార్తలు మనవాళ్లంతా చదివారు. 31 మంది మావోయిస్టులు చనిపోయారని, 18 మంది జవాన్లు గాయపడ్డారని కేంద్రం ప్రకటించింది. ఎండాకాలం నడినెత్తిన, పాతరలు పెట్టిన గుట్టల మీంచి గాయపడినవాళ్లను దించింది హెలికాప్టర్లే. అటువంటి చోట దిగడమంటే ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూడాలి. ముందు కిందివాళ్లు చుట్టూ కాపలా కాసి, రంగు పొగ వదులుతారు. ఆ పొగ ఎటు వాలితే గాలి అటు పోతోందని లెక్క. గాలికి ఎదురుగా దించాలి. నేలకు చేరువయ్యేసరికి రెక్కల గాలికి ఎండుటాకులు, ఎర్రమట్టి లేచి అద్దం మూసుకుపోతుంది. కొన్ని సెకన్లపాటు పైలట్‌కి నేల కనపడదు. స్ట్రెచర్ ఎక్కేదాకా ఇంజన్ ఆపరు. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి దిగినంత బరువుతో తిరిగి లేవగలమన్న నమ్మకం లేదు, దిగకముందే ఆ లెక్క తేల్చుకోవాలి. ఆ లెక్కలో ‘ఇంకొక్కర్ని ఎక్కించుకోండి సార్’ అనే జవానుకు కాదని చెప్పడం కూడా ఉంటుంది.

2013 జనవరి 18న సుక్మా జిల్లాలో గాయపడినవాళ్ల కోసం వెళ్లిన ఎంఐ-17 మీద కాల్పులు జరిగాయి. అది పోలీసుది కాదు, ఎయిర్ ఫోర్స్‌ది. తిమ్మెల్‌వాడ దగ్గర బలవంతంగా దించాల్సి వచ్చింది. సిబ్బంది గాయపడిన పోలీసు వైర్‌లెస్ ఆపరేటర్‌ని హెలికాప్టర్‌లోనే వదిలి, చింతగుఫా సీఆర్‌పీఎఫ్ క్యాంపుకు నడిచి వెళ్లారు. తర్వాత అతన్ని బతికుండగానే తీసుకొచ్చారు. దేశమంతా చర్చ జరిగింది, విచారణా జరిగింది. వదిలి వెళ్లడం తప్పని పోలీసు బలగాలు బాధపడ్డాయి. వాళ్ల బాధ న్యాయమైందే, గాయపడ్డ మనిషికి ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో తలుచుకుంటే నాకూ మనసు ఒప్పదు. కానీ శత్రువు తిరిగే అడవిలో కూలితే ఏం చెయ్యాలో ఎక్కేముందే పోలీసులూ పైలట్లూ కలిసి కూర్చుని అనుకోకపోతే, ఆ నిర్ణయం అక్కడే, ఆ గాభరాలోనే తీసుకోవాల్సి వస్తుంది.

బీఎస్‌ఎఫ్ విభాగం కూడా మూల్యం చెల్లించింది. 2011 అక్టోబరులో రాంచీ నుంచి చాయీబాసా వెళ్తున్న ధ్రువ్ కూలి ముగ్గురు పోయారు. 2015 డిసెంబరు 22న ఢిల్లీ నుంచి బయల్దేరిన సూపర్ కింగ్ ఎయిర్ విమానం ద్వారక దగ్గర కూలి పదిమంది పోయారు. వాళ్లలో చాలామంది రాంచీలో ఉన్న ఓ హెలికాప్టర్‌ని బాగుచెయ్యడానికి వెళుతున్న మెకానిక్కులు, ఇంజనీర్లు. పేపర్లలో ఫొటోలు వచ్చేది ఎప్పుడూ ముందు సీటు వాళ్లవే. ఈ పనిలో నట్టు బిగించే మనిషి కూడా అంతే ప్రమాదంలో ఉంటాడు.

ఒక్కరు వద్దన్నా వెనక్కి

ఇన్ని ప్రాణాలు పోయాక కొన్ని పద్ధతులు వచ్చాయి. అమెరికాలో రోగుల్ని చేరవేసే అంబులెన్స్ హెలికాప్టర్లలో మొదలై పోలీసు విభాగాల్లోకీ పాకిన వాడుక ఒకటి: బయల్దేరాలంటే అందరూ సరేననాలి, వెనక్కి తిరగడానికి ఒక్కరు వద్దంటే చాలు. కారణం చెప్పక్కర్లేదు, చిన్నా పెద్దా హోదా అడ్డురాకూడదు. బయల్దేరేముందు నింపే కాగితం ఇంకొకటి. రాత్రా పగలా, మబ్బు ఎంత ఎత్తులో ఉంది, పైలట్ ఎన్ని గంటలు నిద్రపోయాడు, తెలియని చోట దిగాలా వంటి వాటికి మార్కులేస్తారు. మొత్తం ఓ హద్దు దాటితే పైలట్ ఇష్టపడ్డా వెళ్లడానికి వీల్లేదు, పై అధికారి చూసి ఒప్పుకోవాలి.

నాకు వీటన్నిట్లో బాగా నచ్చింది అంబులెన్స్ హెలికాప్టర్లవాళ్ల ఇంకో పద్ధతి. వాతావరణం చూసుకుని వస్తాననో రాననో చెప్పేదాకా, పడివున్నది ఎవరో పైలట్‌కి చెప్పరు. ఐదేళ్ల పాపని ముందే చెబితే ఏ పైలటైనా మబ్బును కాస్త పలచగా చూస్తాడు. అది అతని తప్పు కాదు, మనిషై పుట్టినందుకు. పోలీసు పిలుపుల్లో ఇది పూర్తిగా కుదరదు, ఎవర్ని వెతుకుతున్నారో తెలియకుండా వెతకలేరు. కానీ నిర్ణయం అయ్యాకే వివరాలు చెప్పడం చాలా సందర్భాల్లో కుదురుతుంది.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. కాలిఫోర్నియాలోని చూలా విస్టా పోలీసులు 2018 నుంచి ఫోన్ రాగానే పైకప్పు మీంచి డ్రోన్ పంపి, బండ్లకన్నా ముందు చూస్తున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డాబాల మీద చిక్కుకున్న కుటుంబాలకు డ్రోన్లు అన్నం పొట్లాలు దించడం మనమే చూశాం. డ్రోన్ కూలితే పోయేది యంత్రమే, కాబట్టి గస్తీ తిరగడం, ట్రాఫిక్ చూడ్డం, గుంపును కనిపెట్టడం వాటికే ఇవ్వడం మంచిది. అలా ఇస్తూపోతే హెలికాప్టర్ పైలట్‌కి మిగిలేవి కొండమీది మనిషి, వరదలో చెట్టు పట్టుకున్న మనిషి, గుట్టమీద రక్తం కారుతున్న జవాను. కాదనడం అన్నిటికన్నా కష్టమైన పిలుపులు అవే. తేలిక పనులు పోయాయని పైలట్లను తగ్గించే లెక్క వేస్తే, ఉన్న కొద్దిమందీ నిద్ర చాలకుండా సరిగ్గా అలాంటి రాత్రులకే బయల్దేరతారు. హెలికాప్టర్ కొనాలనుకునే ఏ రాష్ట్ర పోలీసు శాఖైనా టెండరు పిలిచే రోజునే రాత్రి డ్యూటీకి రెండో పైలట్ జీతం బడ్జెట్‌లో పెట్టాలి. వాతావరణం బాగాలేదని పైలట్ అన్నాక ఎస్పీ గానీ డీజీపీ గానీ మళ్లీ ఫోన్ చెయ్యకూడదని ఉత్తర్వుల్లో రాయాలి. కబురు పంపినవాళ్లకు ‘రాలేం, నేల మీది బృందాలు బయల్దేరాయి’ అని చెప్పే బాధ్యత కూడా పైలట్ మీద కాకుండా, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న అధికారి మీదే పెట్టాలి.